డాక్టరమ్మ కొంగు పట్టిన సాయంత్రం

మా పశువుల డాక్టరమ్మ పోయిన వారం హనుమకొండలో కన్నుమూశారు. కబురు చెప్పింది నెక్కొండ నుంచి పాలు తెచ్చే ఆయన. చెబుతూనే, తన బర్రెకు ఆమె పురుడు పోసిన కథ ఎత్తుకొని నవ్వేశాడు. ఆమె గురించి ఏడుస్తూ మాట్లాడటం ఎవరికీ చేతకాదు.

ఎనభైల మొదట్లో ఆమె మా మట్టెవాడ గల్లీకి వచ్చింది ఒక వీధికుక్క కోసం. అందరం తలా ఇంత పెట్టే కుక్క. దాని మర్మస్థానంలో గడ్డ లేచి నెత్తురు కారుతుంటే పిలిపించాం. ఇది కుక్క నుంచి కుక్కకు అంటుకునే క్యాన్సర్ అన్నారామె. ఎట్లా అంటుతుందని పక్కింటి పెద్దాయన నలుగురిలో అడిగాడు. జత కట్టినప్పుడని గొంతు తగ్గించకుండా చెప్పారు. ఆయన దగ్గు తెచ్చుకొని ఇంట్లోకి పోయాడు. మిగతావాళ్లం మాత్రం కదల్లేదు.

"నారు పీకి ఇంకో మడిల నాటినట్టే. ఆ కుక్క గడ్డల కణాలే ఈ కుక్క ఒంట్ల నాటుకుంటయి" అన్నారు.

వారం వారం స్కూటర్ మీద వచ్చి సూది వేసేవారు. ముందు బిస్కెట్, తర్వాత సూది. జర లంచం పెట్టకపోతే ఎవరు మాత్రం పని కానిస్తారనేవారు. గడ్డ కరిగిపోయింది.

గల్లీకి మాత్రం ఒక్క మాటే గుర్తుండిపోయింది, క్యాన్సర్ అంటుకుంటుందని. ఆ ఏడే మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. మా వంటింట్లో చాయ్ తాగే ఆడవాళ్లు గుమ్మం బయటి నుంచే పలకరించి పోసాగారు. అయినా అమ్మ సద్దుల బతుకమ్మకు ఎప్పటిలాగే నువ్వులు వేయించి, బెల్లంతో దంచి సత్తు చేసింది. ఎవరూ అందుకోకపోతే అమ్మ ఏమైపోతుందోనని నాకు గుబులు. పోయి డాక్టరమ్మకు చెప్పాను.

సాయంత్రం ఆట ముగిశాక అందరూ సత్తు పంచుకుంటున్నారు. అమ్మ దగ్గరికి ఒక్కరూ రాలేదు. డాక్టరమ్మ వచ్చి కొంగు పట్టారు.

"ఇస్తినమ్మ వాయినం" అంది అమ్మ సన్నగా.

"పుచ్చుకుంటినమ్మ వాయినం" అని అక్కడికక్కడే తిని, గల్లీవాళ్ల వైపు తిరిగారు. "ఆ దినం నేను సగమే చెప్పిన, తప్పు నాదే. కుక్కది కుక్కకే అంటది. మనిషి క్యాన్సర్ మనిషికి అంటదు. భయమైతే నన్ను అడుగుండ్రి, ఈమెను ఇడిసిపెట్టకుండ్రి."

పక్కింటి పెద్దాయన భార్య ముందుగా వచ్చి, కళ్లు తుడుచుకొని అదే కొంగు పట్టింది. ఆ వెనుక గల్లీ గల్లీయే వచ్చింది. ఆ సాయంత్రం మా అమ్మను మాకు తిరిగి ఇచ్చింది డాక్టరమ్మే.

ఆఖరున పళ్లానికి అంటిన పొడిని కూడా ఆమె వేలితో తుడిచి నోట్లో వేసుకున్నారు. తనకు చిటికెడైనా మిగల్చలేదని అమ్మ పోట్లాటకు దిగింది. ఖాళీ పళ్లెం చెరోవైపు పట్టుకొని, ఇద్దరూ కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వారు.