నూట ఇరవై ఆరు మునకలు

ఆ మాఘ పౌర్ణమి ఉదయం భావనపాడు సముద్రంలో మా బావ పోగొట్టుకున్నవి ఇవి: పంచె ఒకటి, తువ్వాలు ఒకటి, కళ్ళజోడు ఒకటి, పై వరస కట్టుడుపళ్ళు, మొలతాడుకి కట్టుకున్న తాళంచెవుల గుత్తి. గుత్తిలో చెవులు పదకొండు. అందులో రెండు ఏ తాళానివో ఆయనకే తెలియదు, అయినా ఇంకొకరికి దొరుకుతాయన్న భయంతో నీళ్ళలోకి కూడా తీసుకెళ్ళాడు. వీటితో పాటు కొంత పరువు కూడా పోయిందని మా అక్క అంటుంది గాని, తూకానికి రానిదాన్ని నేను జాబితాలో రాయను.

నేను ఆయన బావమరిదిని. చదువు ఐదో తరగతితో ఆగింది. బస్తాల మీద సుద్దగీతలు చూసి లెక్కలు నేర్చుకున్నాను. రాజాంలో ఆయన చింతపండు, బెల్లం కొట్టులో తూకం దగ్గర కూర్చునేవాణ్ణి. పందొమ్మిదివందల అరవైల చివరికి ఆయనకు రెండు కొట్లు, ఒక గోదాం, ఒక పాత లారీ ఉండేవి.

"నానొక్క గంపతో మొదలెట్టేను. నాకెవుడు సాయం సేసేడు?" అని పెళ్ళి పందిట్లో, కల్లంలో, మంగలి ముందు తల వంచి కూడా చెప్పేవాడు. నేను విన్నవి నలభై సార్లు. నలభైలో ఒక్కసారీ ఆ గంప ఎవరి నెత్తి మీద ఉండేదో చెప్పలేదు. అది వాళ్ళమ్మ నెత్తి మీద ఉండేది. కాళ్ళ కడియాలు అమ్మి ఆ మొదటి గంపెడు చింతపండు కొన్నది ఆవిడే. కొండ దిగువ సంత నుంచి ఆవిడ మోసుకొస్తుంటే, పన్నెండేళ్ళ మా బావ వెనక ఖాళీ చేతులతో నడుస్తూ ధరలు వల్లించేవాడు. స్వయంకృషి అంటారే, అందులో స్వయం ఆయనది, కృషి ఆవిడది.

కుటుంబం మీద ప్రేమ మాత్రం ఎవరూ వంక పెట్టలేనిది. ఎక్కడికి బయల్దేరినా అందరినీ లారీ ఎక్కించి బస్తాల్లా లెక్కపెట్టేవాడు. కొట్లో మొదటి కొలతని మేం ఒకటి అనం, లాభం అంటాం. ఆ అలవాటు చొప్పున ముందు మా అక్క తల మీద చెయ్యి పెట్టి "లాభం" అనేవాడు, తర్వాత రెండు, మూడు... ఆఖరివాడు పందొమ్మిది. లెక్క సరిపోతే కళ్ళు చెమర్చేవి.

ఆ ఏడు సముద్రస్నానానికి అందర్నీ తీసుకెళ్తానన్నాడు. రాలేనివాళ్ళ పేరు చెప్పి మూడేసి మునకలు వేస్తే ఆ పుణ్యం వాళ్ళకి చేరుతుందని మా వైపు నమ్మకం. మోకాళ్ళు పోయి లారీ ఎక్కలేని అత్త, అంటే వాళ్ళమ్మ, కొడుకుని పిలిచింది.

"మీ అయ్య పేరు మూడు, పోయిన పిల్ల, నీ సెల్లి పేరు మూడు, నా పేరు మూడు ముణుగు నాయినా. తొమ్మిది. మరేటీ అడగను."

"తొమ్మిదేటమ్మా, తొంబై ముణుగుతాను!"

ఆవిడ నవ్వింది. నా వైపు తిరిగి, "తొమ్మిదే రాసుకో" అంది. కొడుకుని ఆవిడ ఏదైనా అడగడం నేను చూసింది అదొక్కసారే.

అక్కడితో ఆగితే బాగుండేది. బావకి ఒక సంగతి తట్టింది. మునక పైసా ఖర్చులేని కానుక. సరుకు తరగదు, రవాణా లేదు, వద్దనేవాడు లేడు. వారం రోజుల్లో బజారంతా మాటిచ్చేశాడు. "నీ పేర్న మూడు ముణుగుతాను, ఈసారి బెల్లం మా కొట్టుకే దించు" అంటూ. నలభై ఒక్క మంది తేలారు. మూడేసి చొప్పున నూట ఇరవై మూడు.

"ముందు అత్తవి వేసీ బావా" అన్నాను లారీలో.

"ఇంటోళ్ళెక్కడికి పోతార్రా? ఖాతాదారుడు పోతాడు."

ఇసుకలో నిలబడి నేను పేరు చదవడం, నడుం లోతు నీళ్ళలో ఆయన మునగడం. పదిహేనో పేరు దగ్గర ఒక చేపలవాడు వల పక్కన పెట్టి వచ్చాడు.

"ఏటి బావూ, ఆయనిదేదైనా పడిపోనాదా? ఎతుకుతన్నాడు?"

"పుణ్యం" అన్నాను.

"మా కాడ ఎప్పుడూ దొరకనేదు" అని వెళ్ళిపోయాడు.

ఇరవయ్యో పేరు ఒక కొబ్బరికాయల వ్యాపారిది. బావ భుజాల దాకా వంగి లేచాడు.

"తల తడవనేదు. లెక్కకి రాదు."

"ఆడి తూకమూ అంతేరా! సరిపోతాది."

"మళ్ళీ ముణుగు."

తిట్టుకుంటూ మునిగాడు. ముప్పయ్యో పేరు, ఒక గానుగ యజమానిది, వచ్చేసరికి పెదాలు నల్లబడ్డాయి. మా అక్క ఒడ్డు నుంచి అరిచింది: "ఆ గానుగాయన మనకేటౌతాడయ్యా? బయటికి రా!" ఆయన చెయ్యి ఊపాడు. నూట ఇరవై మూడూ పూర్తి చేశాడు. తర్వాత వాళ్ళ నాన్న పేరున మూడు వేశాడు. నూట ఇరవై ఆరు. అప్పుడు "అమ్మ" అని నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లోకే కెరటం వచ్చింది.

ఇందాక చెప్పిన జాబితా అంతా ఆ ఒక్క కెరటానిదే. చేపలవాళ్ళు ఈడ్చుకొచ్చి పడేశారు. బావ మా అక్క పొడిచీర చుట్టుకుని లారీలో వణుకుతూ కూర్చున్నాడు. పళ్ళు లేకపోయినా బేరం మానలేదు.

"ఒరే, ఆ గానుగోడు నిరుడు మనకాడ ఒక్క బస్తా కొన్నేదు. ఆడివి మూడు, ఆ కొబ్బరికాయలోడివి మూడు అమ్మ పేర్న మార్చీరా."

"పేరు సెప్పి ముణిగినవి బావా. ఇచ్చేసిన సరుకు ఎనక్కెలాగొస్తాది?"

"నువ్వు నా తిండి తింటన్నావా, ఆడి తిండి తింటన్నావా?"

నేను జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంటికి చేరేసరికి అత్త అరుగు మీద కూర్చుని ఉంది. పొద్దున్నుంచి అక్కడే ఉందట.

"అయ్యాయా నాయినా?"

"తొమ్మిదీ అయిపోనాయమ్మా."

ఆవిడ చీర చుట్టుకున్న కొడుకుని పైనుంచి కిందికి చూసింది. నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పు. నువ్వు లెక్క తప్పవు."

ఆయన నా కాలు తొక్కాడు. నేను లెక్క తప్పలేదు. "మూడయ్యేయత్తా. మావవి. ఆరుండిపోనాయి."

"ఆయనికి సేరేయి కదా. సాలు" అంది. కొడుకు వైపు తిరిగి, "నాదీ పిల్లదీ పైయేడు ముణుగు. తొందరేటి, అప్పుడే సావనులే" అంది.

మరుసటి ఏటికి పేరు పాకింది. విజయనగరం వ్యాపారులు కూడా చీటీలు పంపారు. ఖాతాదారుల మునకలు తనే స్వయంగా వేయకపోతే చిన్నబుచ్చుకుంటారని, ఇంటివైన ఆ ఆరూ ఒక చేపలవాడికి కూలికిచ్చి వేయించాడు. అత్త ఒప్పుకోలేదు.

"కూలికి ముణిగితే పుణ్యం కూలోడిది. నాను గంప కూలికి మొయ్యనేదురా."

ఆ మాటకి ఆయన తల వంచుకోవడం చూశాను. మళ్ళీ మాఘం వస్తే ముందు ఆవిడవే అన్నాడు. శ్రావణంలో ఆవిడ పోయింది.

పదకొండో రోజు అందరూ వెళ్ళాక నా పక్కన కూర్చున్నాడు.

"అమ్మవెన్ని?"

"ఆరు."

"ఈ మాఘానికి ఎల్దాం" అన్నాడు. మాఘం కొత్త బెల్లం దిగే కాలం. ఆ ఏడు లారీకి ఖాళీ లేదు. పై ఏడూ లేదు. ఆ తర్వాత ఆయన బతికిన పదకొండేళ్ళలో ఒక్క మాఘంలోనూ లేదు. పౌర్ణమి వెళ్ళాక మాత్రం ఏటా ఏదో వంకన నా దగ్గరికొచ్చి, "ఇంకా ఆరే కదా?" అని అడిగేవాడు. పెరగలేదని చెప్తే కాస్త తెరిపిన పడేవాడు.

ఆయన సంతాపసభలో ఒక్క గంప కథ నలభై ఒకటోసారి విన్నాను. చెప్పినవాడు కొబ్బరికాయల వ్యాపారి. బాగానే ఏడ్చాడు.

ఇప్పుడు ఏటా మాఘ పౌర్ణమికి నేనే బస్సెక్కి భావనపాడు వెళ్తున్నాను. అత్త పేరు మూడు, ఆ పిల్ల పేరు మూడు, తల తడిసేలా మునుగుతాను. అవి నా తరఫున వేసినవి, ఆయన లెక్కలో కలపడానికి లేదు. ఆయన తరఫున అత్తకి రావలసినవి, నేటికీ, ఆరు.