విజయ వాకిట్లో తొలివాన

ఎనభైల్లో మా మరిదికి భద్రాచలం అడవి అంచున ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి, క్వార్టర్ ఇచ్చారు. తిరుమలాయపాలెం దగ్గర మా పల్లెలో నేను బావి నీళ్లు తోడుకుంటుంటే, తోటికోడలు విజయకు ఇంట్లోనే నల్లా, ఫ్యాను. మొదటిసారి చూడటానికి వెళ్లినప్పుడు నాకు కడుపు మండిపోయింది.

సాయంత్రం తొలివాన మొదలైంది. తడుద్దామని వాకిట్లోకి దిగాను. విజయ నా జబ్బ పట్టుకుని లోపలికి లాగింది.

“గీ వాన గూడ నీ ఒక్కదానిదేనా ఏంది?” అన్నాను ఉక్రోషంగా.

ఆమె చిక్కుడు పాదు చూపించింది. ఆకుల నిండా కాలిన మచ్చలు. పక్కన పోయినేడు వేసిన రేకులు అప్పుడే తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి.

“గీ ఫ్యాక్టరీ బొగ్గు పొగల గంధకం ఉంటదంట అక్కా. అది మబ్బుల కలిసి, వాన యాసిడై పడ్తదని మీ మరిది చెప్పిండు. చెరువుల చేపలు గూడ తగ్గినయ్,” అంది. నా వైపు తిరిగి, “మీ ఊర్ల నువ్వు వానల తడుస్తుంటవని తలుచుకుంటే నాకు కుళ్లొస్తది,” అంది.

నన్ను చూసి కుళ్లుకునే మనిషి ఒకరుంటారని అప్పటిదాకా నాకు తెలియదు.

మరుసటి వానాకాలం విజయ మా ఊరొచ్చింది. జోరు వానలో వాకిట్లో నిలబడి, ముఖం పైకెత్తి తడిసింది. వాన వెలిసేదాకా నేనామెను లోపలికి పిలవలేదు.