ఎర్ర ఫోర్కుకు అవ్వ కట్టిన కట్టు

సైకిల్ కొనేముందు సైకిల్ గురించి తెలుసుకోవాలనుకోవడం ఎంత ప్రమాదమో ఆ రోజుల్లో నాకు చెప్పినవాళ్లు లేరు. మా ఇంట్లోకి ఏ వస్తువైనా ఒకే పద్ధతిలో వచ్చేది. బాపు పొద్దున సిద్దిపేట పోయేవాడు, సాయంత్రానికి వస్తువుతో తిరిగొచ్చేవాడు, అది పదేళ్లు నడిచేది. అందులో ఆలోచించడానికి ఏమీ ఉండేది కాదు. ఆ ఇంట్లో పుట్టి, ఒక సైకిల్ కోసం ఆరు నెలలు చదివి, వాదించి, కలలో కూడా కొలతలు వేసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద కోపం రాదు, జాలి మాత్రం కొంచెం వస్తుంది.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. సిద్దిపేటలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో పగిలిన అద్దాలు మార్చే పని. ఊరు ధూళిమిట్ట దగ్గర. బాపు, అంటే నాన్న, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. అవ్వ, అంటే అమ్మ, నాలుగు మేకల్నీ నన్నూ కలిపి ఒకే గొంతుతో అదిలించేది. మాకొక మేనత్త కొడుకున్నాడు, వీడియోల బావ అంటాం. తినేటప్పుడు, పడుకునేటప్పుడు, చివరికి ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు కూడా ఆయన ఫోన్లో వీడియో నడుస్తూనే ఉండేది. ఒకరోజు ఆయనే నాకు ఆ వీడియో చూపించాడు. ఎక్కడో చలిదేశంలో ఒకడు కాలు కింద పెట్టకుండా, సైకిల్ మీద నిలబడే, బండ మీది నుంచి బండ మీదికి గెంతుతున్నాడు. దాన్ని ట్రయల్స్ అంటారట. "బామ్మర్దీ, మన ఊరి సుట్టు ఉన్నయే బండలు. ఆనికి గన్ని బండలు యాడ దొరుకుతయిరా?" అన్నాడు బావ. నిజమే కదా అనిపించింది. దేవుడు ఇన్ని గుండ్లు మా ఊరి చుట్టూ ఊరికే పెట్టాడా అని అప్పటిదాకా నేను ఆలోచించనే లేదు.

ఇక మొదలైంది. ముందు ఫ్రేమ్ దగ్గర నెల పట్టింది. అసలు ట్రయల్స్ సైకిల్‌కి సీటే ఉండదు. అది గెంతడానికి తప్ప దేనికీ పనికిరాదు. నేనేమో దాని మీదే సిద్దిపేట బస్సు దాకా పోవాలి, పొలంగట్ల మీద తిరగాలి, గుండ్లూ ఎక్కాలి. "అన్నిటికీ పనికొచ్చే ఫ్రేమ్ ఒకటుంటది, గది పట్టాలె" అని బావ తీర్మానించాడు. పైగొట్టం కిందికి ఉండాలి, వెనక చక్రం దగ్గరికి ఉండాలి, బరువు తక్కువ, గట్టితనం ఎక్కువ. అలాంటిది దొరికింది. దానికి పేరుకు ఒక సీటుంది. ఆ తర్వాత ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు దగ్గర మిగిలిన నెలలన్నీ పోయాయి. షాకబ్జర్లున్న ఫోర్కు కావాలని ఇద్దరికీ తెలుసు, ఎంత కుంగేది కావాలన్న దగ్గరే గొడవ. గెంతేవాళ్లకు తక్కువ కుంగేది మంచిదని నేనొకచోట చదివాను. "ఎంత కుంగితె అంత మంచిదిరా, మన రోడ్లు నీకు తెల్వదా" అని బావ (ఆయనకు సైకిల్ తొక్కడమే రాదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది). చివరికి రెండు మిగిలాయి. ఒకదానికి మీట ఉంది, అది తిప్పితే ఫోర్కు కుంగకుండా బిగుసుకుంటుంది. రెండోదానికి మీట లేదు, కానీ అది ఎరుపు. అన్ని నెలల పరిశోధన తర్వాత మేము ఎరుపుది తీసుకున్నాం.

హైదరాబాద్ నుంచి డబ్బాల్లో వచ్చిన ముక్కల్ని కలిపి, సైకిల్‌ని వాకిట్లో గోడకు ఆనించిన రోజున బాపు చెట్ల మీది నుంచి వచ్చి, చెట్లెక్కే తాడు, మోకు, భుజం మీద అలాగే ఉంచుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సీటేదిరా?"

"గిదే బాపు."

"గిదా? గీడ కోడిపిల్ల గూడ కూసోదు."

"దీనిమీద కూసుండరు బాపు. నిలవడి తొక్కుతరు."

"నిలవడేటందుకు కాళ్లున్నయి గదరా, సైకిలెందుకు? స్టాండేది?"

"ఉండదు."

"గంట?"

"గదీ ఉండదు."

"మరి ఏమున్నది దీనికి?"

"షాకబ్జర్లున్నయి బాపు" అన్నాను, ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. బాపు హ్యాండిల్ మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. ఫోర్కు బెత్తెడు లోపలికి పోయి, మెల్లగా పైకొచ్చింది. బావ అందుకున్నాడు, "సూసినవా మామా, కుంగుతది, మళ్ల లేస్తది. గదే దాని గొప్ప." బాపు మోకు గోడకు తగిలిస్తూ, "తాగినోడు గూడ కుంగుతడు, మళ్ల లేస్తడు. గసొంటోళ్లను నేను రోజు సూస్తున్న" అన్నాడు. బావ ఫోన్లోకి చూసుకున్నాడు.

అన్నం తిన్నాక బాపు తీర్పు చెప్పాడు. ఆయన అరిచే మనిషి కాదు, అందుకే ఆయన మాట మీద అప్పీలు ఉండేది కాదు. "మన గీతగాళ్ల కాటమయ్య పండుగ వస్తున్నది. ఆనాడు అందరి ముంగట తాటివనం కాడి తాబేలు గుండెక్కు, నీ సైకిల్ మీద, కాలు కింద పెట్టకుంట. ఎక్కితివా, దాని జోలికి నేను రాను. ఎక్కకపోతివా, వెల్డింగ్ షాపుల పెద్ద సీటు, స్టాండు, ఎనక కేరియర్ పెట్టిచ్చుకొస్త. రెండు లొట్లు మోస్తది, ఇంటికి అక్కరకొస్తది." నా అల్యూమినియం ఫ్రేమ్‌కి, నేను కలలో కొలిచిన ఫ్రేమ్‌కి, రెండు కల్లు కుండలు మోసే కేరియర్. ఆ ఫ్రేమ్‌కి మామూలు వెల్డింగ్ పట్టదని, కరిగి కూర్చుంటుందని చెప్పబోయాను. అవ్వ కంటితో వద్దంది.

తాబేలు గుండు పెద్దదేం కాదు. మోకాలికి కొంచెం పైదాకా నిలువు అంచు, ఆ పైన తాబేలు వీపులా వాలు. అంచు ఒక్కటి ఎక్కితే మిగతాది తొక్కుకుంటూ పోవచ్చు. పని నుంచి వచ్చిన ప్రతి సాయంత్రం అక్కడికే పోయేవాణ్ణి. గెంతాలంటే ముందు చేతులతో హ్యాండిల్‌ని కిందికి అదిమి, ఆ ఊపు మీద లేవాలి. నేను అదమగానే ఎర్ర ఫోర్కు నా బలమంతా మింగి, లోపలికి పోయి, నేను పక్కకి పడిపోయిన తర్వాత తీరిగ్గా పైకొచ్చేది. మోచేతులు, మోకాళ్లు గీసుకుపోయాయి, ఒకసారి గడ్డం పగిలింది. మేకల కోసం అటు వచ్చిన అవ్వ రోజూ నిలబడి చూసేది. ఒకరోజు దగ్గరికొచ్చి, ఈనబోయే మేకను తడిమినట్టు ఫోర్కుని పైనుంచి కిందిదాకా తడిమింది, నొక్కింది, వదిలింది, మళ్లీ నొక్కింది.

"బిడ్డా, దీని ముందటి కాళ్లల్ల సత్తువ లేదురా."

"అవ్వా, గది గట్లనే ఉండాలె. కుంగేటందుకే దాన్ని తెచ్చిన."

"కుంగేటి కాళ్లతోని ఎవలన్న గుండెక్కుతరా?"

దీనికి వీడియోల్లో సమాధానం ఉంది. చాలాసేపు చెప్పాను. అవ్వ అంతా విని, "అయితే మంచిది" అని మేకల్ని తోలుకుపోయింది. నేను నచ్చజెప్పగలిగానని అనుకున్నాను. మా అవ్వ "అయితే మంచిది" అందంటే ఆ మాట అక్కడితో అయిపోయిందని కాదు, ఆమె ఏదో అనుకుందని అర్థం. పుట్టినప్పటినుంచి వింటున్నా నాకది తట్టలేదు.

పండుగ పొద్దున లేచి చూస్తే వాకిట్లో సైకిల్ స్నానం చేసి ఉంది. హ్యాండిల్‌కు బంతిపూలు, చక్రాల కింద నిమ్మకాయలు, ఫ్రేమ్‌కు బొట్లు. ఇదంతా బండికి మామూలే. కానీ ఎర్ర ఫోర్కు పైభాగంలో నిగనిగలాడే సన్న గొట్టాలు రెండుంటాయి, నొక్కితే లావు గొట్టాల్లోకి దిగేవి అవే. ఆ రెండూ కనబడటం లేదు. వాటికి చుట్టూ తాటిమట్ట చీల్చిన బద్దలు పేర్చి, పైన పసుపు గుడ్డ చుట్టి, తాటినారతో బిగించి ఉంది. కిందటేడు కాలు విరిగిన మేకపిల్లకు అవ్వ కట్టింది సరిగ్గా ఇలాంటి కట్టే. (ఆ మేకపిల్ల ఆ క్షణాన మా ప్రహరీ గోడ మీద నిలబడి నన్నే చూస్తోంది.) నొక్కాను. ఫోర్కు కదల్లేదు. ఒంటి బరువంతా వేశాను. వెంట్రుకవాసి కదల్లేదు.

"అవ్వా, ఏం జేసినవే."

"కట్టు గట్టిన. కాటమయ్యకు మొక్కి గట్టిన, పండుగ ఒడిసేదాక ఇప్పొద్దు. నువ్వు పడొద్దు బిడ్డా, గంతే. మీ బాపు ఏమన్న అననీ."

మొక్కి కట్టిన కట్టు విప్పితే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఎవరూ విప్పలేదు. బావ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఖతం బామ్మర్దీ. వెల్డింగ్ షాపాయనకు ఫోన్ జేసి పెట్టుకో." నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇరవై ఒక్కేళ్లవాణ్ణి, ఒక సైకిల్ కోసం. సిగ్గుపడాలి గానీ, అప్పుడు సిగ్గు కూడా రాలేదు.

మధ్యాహ్నానికి కాటమయ్యకు బోనాలు దిగాయి. పూజైంది, కల్లు ఆరగింపైంది. మోకులు, కత్తులు పక్కన పెట్టి గీత కార్మికులంతా గుండు చుట్టూ చేరారు. రోజూ తాటిచెట్లెక్కే మనుషులు, అందులో ఒక్కడు కూడా నేను ఎక్కుతానని అనుకోలేదు. బాపు చేతులు కట్టుకుని చెట్టుకు ఆనుకున్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పోయి పడిపోదామనే పోయాను. త్వరగా పడిపోతే త్వరగా అయిపోతుందని. హ్యాండిల్‌ని అదిమాను. ఈసారి అది కుంగలేదు. నేనిచ్చిన బలం మొత్తం నాకే తిరిగొచ్చింది. ముందు చక్రం లేచి అంచు మీద వాలింది, వెనకది నేను పిలవకుండానే వచ్చింది. రెండుసార్లు తొక్కితే గుండు మీదున్నాను. తాటివనం మీద గాలి చల్లగా తగిలింది. కింది నుంచి ఎవరో ముసలాయన, "చెట్లెక్కే గౌండ్లోని పోరడు గద, ఎక్కుడు రక్తంల ఉంటది" అన్నాడు. అందరూ గలగలా నవ్వారు. ఆ రోజు నేను బతికి ఉన్నందుకు సంతోషించాను, అంతే.

ఆ పైన ఒక చిక్కొచ్చింది. దిగడం నేను నేర్చుకోలేదు. అందరూ వీడియోల్లో ఎక్కడమే చూపిస్తారు. కాసేపు చూసి బాపు గుండు దగ్గరికొచ్చి చేతులు చాపాడు. "సైకిల్ ఇటియ్యి. ఎక్కుమన్న గని, దిగుమని నేననలే." సైకిల్‌ని అందుకుని, మోకు వేసుకునే భుజానికే దాన్ని వేసుకుని, ఇంటిదాకా ఆయనే మోశాడు.

వారం తర్వాత, కట్టు వల్ల ఫోర్కు పాడైపోతుందని బావ పట్టుబడితే విప్పేశాను. ఆ సాయంత్రం తాబేలు గుండు దగ్గర పడ్డ దెబ్బకు మచ్చ ఇంకా ఉంది. ట్రయల్స్‌కి కుంగని ఫోర్కే సరైనదన్న సంగతి నా బుర్రకు అప్పుడెక్కింది. కుంటుకుంటూ ఇంటికొచ్చి, మేకలకు నీళ్లు పెడుతున్న అవ్వ దగ్గర నిలబడ్డాను. "అవ్వా, మళ్ల ఒకసారి కట్టవా." అవ్వ తల కూడా ఎత్తలేదు. "ఇంక తగ్గలేదా దానికి?" అంది.

ఇప్పుడు సిద్దిపేటలో నాదే ఒక సైకిళ్ల దుకాణం. కుర్రాళ్లు ఫోన్లు పట్టుకొచ్చి, "అన్నా, అన్నిటికీ పనికొచ్చేది ఏ ఫ్రేమ్, ఏ ఫోర్కు?" అని అడుగుతారు. మీటున్నది చూసుకోండని చెప్తాను, వాళ్లు ఎరుపుది తీసుకుంటారు. నా పాత సైకిల్ ఇంకా ఇంట్లోనే ఉంది. దానికి స్టాండు పెట్టాను, పెద్ద సీటు పెట్టాను, వెనక బోల్టులతో కేరియర్ నేనే బిగించాను, కూరగాయలకు బాగుంటుంది. బాపు దాన్ని చూసినప్పుడల్లా పెద్ద సీటు మీద ఒకసారి చరిచి పోతాడు.

మొన్న అవ్వకు మోకాళ్ల నొప్పులని దవాఖానలో చూపిస్తే పట్టీలు రాశారు, పక్కల్లో సన్నటి ఇనుప బద్దలున్నవి. మంచం దగ్గర కూర్చుని కడుతుంటే అవ్వ వాటిని వేళ్లతో తడిమి చూసింది.

"గిండ్ల బద్దలున్నయారా?"

"ఉన్నయవ్వా. ఇనుపయి."

"తాటిమట్టయి అయితె ఇంక మంచిగుండు" అంది. తర్వాత కాలు నా ఒళ్లోకి ఇంకొంచెం జరిపి, "గట్టిగ గుంజి కట్టు బిడ్డా, కుంగొద్దు" అంది. గట్టిగానే కట్టాను.