పంటితో వినే గంగులు

గంగులు కుడిచెవి పనిచేయదన్న సంగతి విజయనగరం మొత్తమ్మీద ఒక్క లక్ష్మణమ్మకే తెలుసు. కట్టుకున్నది, ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది! మొగుణ్ణి సాధించాల్సి వచ్చినప్పుడల్లా పని మానుకుని మరీ ఎడంపక్కకి వచ్చి కూర్చునేది. గంగులు ఆ ఎడంచెవి కాస్తా దిండుకి అదిమిపెట్టి పడుకునేవాడు.

ఊరివాళ్ళకి మాత్రం చెవి అంటే గంగులుదే. ఏ కారు కీచుమన్నా, ఏ జీపు మూలిగినా స్టేషను రోడ్డులో అతని షెడ్డుకే తోలుకొచ్చేవారు. గంగులు మూరెడు స్క్రూడ్రైవరు తీసి, దాని చెక్కపిడి పళ్ళతో కరిచిపట్టి, మొనని ఇనుముకి ఆనించేవాడు. ఇంజనులో వణుకు పళ్ళలోంచి పుర్రెలోకి పాకేది. "బండిని కొరికి రోగం చెబుతాడు" అని జనం నవ్వేవారు. నవ్వితే నవ్వనీ! చెవిటి మెకానిక్కని తెలిస్తే బండి ఇచ్చేవాడెవడు? ఆ భయం నాలుగేళ్ళుగా అతన్ని తినేస్తోంది.

అరవై ఎనిమిది చలికాలంలో బియ్యం మిల్లువారి గణపతిరావు ఎర్రకారు ఒకటి వేసుకొచ్చాడు. ఇద్దరే కూర్చోగల కారు, కలకత్తాలో ఎవరో దొర వదిలేసి వెళ్ళినది. కుర్రాడికి పందేల పిచ్చి. ఊరి బయట యుద్ధం నాటి పాడుబడ్డ విమానాల మైదానంలో పీపాలు పాతి, ప్రతి ఆదివారం వాటి చుట్టూ తిప్పేవాడు. మరో ఎనిమిది రోజుల్లో మద్రాసు దగ్గర పెద్ద పందెం. ఇంతలో కారుకి జబ్బు చేసింది.

"కాలు నొక్కితే ఒక టక్కు, తీస్తే ఒక టక్కు" అన్నాడు గణపతిరావు ఏడుపుమొహంతో. "డేవిడ్‌రాజు గారు గేరు బాక్సు దింపీయాలంటన్నారు. పదిహేను రోజులట. నా పందెం గోవిందా!"

కొత్తవలసలో బస్సుల మేస్త్రీ డేవిడ్‌రాజు అంటే మాటలు కాదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం. ఆయన ఎవణ్ణైనా పనికిరాడన్నాడంటే పలాస దాకా ఎవడూ వాడికి పానా అందివ్వడు. ఏ బండి వచ్చినా గేరు బాక్సే అంటాడని గిట్టనివాళ్ళు అనేవారు. విచిత్రమేమిటంటే, అంతా దింపి, కడిగి, బిగించేసరికి సగం బండ్లు బాగుపడేవి కూడాను.

గణపతిరావు కారు నడిపి చూపిస్తానని గంగుల్ని మైదానానికి రమ్మన్నాడు. తన మాట మీద ఇంకొకడి మాట కోరారని తెలిసి ఆయన స్వయంగా మైదానానికి వచ్చేశాడు.

"ఆ కొరుకుడు ఏషాలు నా కాడ కాదురా గంగులూ!" అని గొంతు చించుకుని అరిచాడు. ఆయన ఎప్పుడూ అరిచే మాట్లాడేవాడు. "కార్లో కూకో. సెవితో విను. సెప్పనేకపోతే షెడ్డు మూసీ!"

చుట్టూ ఇరవైమంది. గంగులు గుట్టుగా స్క్రూడ్రైవరు చొక్కాలో దోపుకుని ఎక్కాడు.

కారు ఉరికింది. పైన కప్పు లేదు. గాలి హోరుకి ఆ ఉన్న ఎడంచెవి కూడా చాలించుకుంది. డేవిడ్‌రాజు పిట్టంత అయ్యేదాకా ఆగి, గంగులు ముందుకి వంగి పిడి కరిచి, మొనని నేలరేకుకి ఆనించాడు. గణపతిరావు గుడ్లు తేలేశాడు.

"అదేటి గంగులూ? ఇనబడతందా?"

"ఉఁ!"

గేరు బాక్సు మీద ఆనిస్తే పెద్దగా ఏమీ లేదు. గోతులమీద ఎగిరినా టక్కు రాలేదు, అంటే స్ప్రింగులు కాదు. ఏ గేరులోనైనా ఒకేలా ఉంది. సీటు వెనక కుడిపక్క ఆనించాడు. గణపతిరావు పీపా దగ్గర కాలు తీసి మళ్ళీ నొక్కాడు. టక్! గంగులు ముందుపన్ను విరిగి చేతిలో పడింది.

నెత్తురుమూతితో దిగినవాణ్ణి చూసి జనం హడలిపోయారు.

"గేరు బాక్సు కాదు బావూ. కుడి ఎనక సక్రం" అన్నాడు గంగులు. హ్యాండు బ్రేకు వేయించి, ఇంజను ఆపించి, కారుని ముందుకీ వెనక్కీ ఊపమన్నాడు. ఇరుసు కదలడం లేదు, చక్రం మాత్రం వేలు మందాన కదిలి టక్కుమంటోంది. ఊడదీసి చూస్తే, చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే పళ్ళన్నీ కత్తివాదరలా అరిగిపోయి ఉన్నాయి. పందెంలో పట్టు వదిలి ఉంటే కుర్రాడు ఏమయ్యేవాడో!

"వారం లోపల దీన్ని మార్పించుకుంటాను, పందెం దక్కింది! నీ సెవే సెవి గంగులూ!" అని గణపతిరావు కౌగలించుకున్నాడు. జనం కూడా "అదీ సెవంటే!" అన్నారు.

పన్ను పోయినందుకు రాని కన్నీళ్ళు ఆ మాటకి వచ్చాయి గంగులుకి. ఎన్నాళ్ళు దాస్తాడు? ఇంక మొయ్యలేకపోయాడు.

"నాకు సెవి నేదు బావూ. కుడిది నాలుగేళ్ళ కిందటే పోనాది. ఎడంది సగమే. ఇనుము కొట్టీ కొట్టీ ఇలగయినాను. నేను పళ్ళతోనే ఇంటాను."

అంతా డేవిడ్‌రాజు వైపే చూశారు. గంగులు షెడ్డు తలుపులు అప్పుడే మూతపడ్డట్టు నిలబడ్డాడు.

డేవిడ్‌రాజు అరచెయ్యి చెవి వెనక ఆనించుకుని ముందుకి వంగాడు.

"ఏటంటన్నావురా? గట్టిగా సెప్పు!"

గంగులు మళ్ళీ చెప్పాడు. "ఏటీ?" అన్నాడు ఆయన మళ్ళీ. అప్పుడు అర్థమైంది గంగులుకి. ఆ అరుపులూ, బండి బండికీ ఆ గేరు బాక్సూ! నవ్వు తన్నుకొచ్చింది గానీ ఆ ముసలి మొహంలో భయం చూసి మింగేశాడు. అది తన భయమే.

మాటలు మానేసి, స్క్రూడ్రైవరు పిడి చొక్కాకి శుభ్రంగా తుడిచాడు. మేస్త్రీని చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి నడిపించి, ఇంజను వేయించి, మొన ఆనించి, పిడి ఆయన నోటికి అందించాడు. డేవిడ్‌రాజు అనుమానంగా చూసి, కొరికాడు.

పిడి వదలకుండానే గంగులు భుజం పట్టుకుని కుదిపాడు. కళ్ళలోంచి నీళ్ళు మీసాలమీదికి జారుతున్నాయి.

"ఇనబడతన్నాదిరా!" అన్నాడు చివరికి. అప్పుడు మాత్రం ఆయన అరవలేదు.