కుండను మోసిన పానా

ఇట్ల కూసో రా చిన్నా, ఆ ఫోన్ జెర పక్కకు పెట్టి సక్కగ ఇను. రాసుడంటే నేను చెప్పింది చెప్పినట్టే రాయాలె, మధ్యల నీ తెలివి కలపొద్దు. మీ నాయిన నిన్న తెప్పించిన కొత్త పానాల డబ్బ వాసన చూసినవా, ప్లాస్టిక్ వాసన తప్ప ఏం లేదు. ఇగో, గీ నోరు తెరిసిన పాత పానా వాసన చూడు. పొగ, కాలిన నూనె, జెరంత సర్వపిండి. నట్లు విప్పే పానాకు సర్వపిండి వాసన ఎందుకొచ్చిందని అడిగినవ్ గద, గదే చెప్తున్న.

నేను నీ అంత ఉన్నప్పుడు మేం చిట్కుల్ ఊర్ల కిరాయి ఇంట్ల ఉంటుంటిమి. మా నాయిన నర్సింలు ఇస్నాపూర్ కాడ ఒక రేకుల షెడ్డుల పానాలు చేస్తుండె. పెద్ద ఫ్యాక్టరీ అనుకునేవ్, ఒక సేటు, ఒక కొలిమి, నలుగురు మనుషులు, అంతే. కడ్డీని ఎర్రగ కాల్చి, సుత్తెతోని కొట్టి, పానా లెక్క చేసినంక మళ్ల కాల్చి నూనెల ముంచుతుండిరి. చుయ్యిమని పొగ లేస్తే ఊరంత మిర్చి బజ్జీలు వేస్తున్నట్టే ఉంటుండె, కుక్కలు గూడ షెడ్డు ముంగట ఆశతోని కూసుంటుండె. గట్ల నూనెల ముంచితేనే ఇనుముకు గట్టిదనం వస్తదని నాయిన రోజూ అన్నం తినుకుంట చెప్తుండె, మా అమ్మనేమో ఆయన అంగీ మీది నూనె మరకలు పోగొట్టలేక గులుగుతుండె. మా ఆటలు గూడ షెడ్డు సామాన్‌తోనే. అందరి పిల్లలు గులకరాళ్లతోని కచ్చకాయలు ఆడితే మేం నట్లతోని ఆడుతుంటిమి, ఎగరేసింది పట్టుకునుడు తప్పిందంటే ఏలు వాసి పండుగ దాంక అట్లనే ఉంటుండె.

అప్పట్ల బొంబాయి రోడ్డు మీద లారీ మిస్త్రీలు ఫారిన్ మాల్ అంటే పడి సచ్చేటోళ్లు. దేశీ పానా పెడితే నట్టు కన్న ముందు పానానే వంగుతదని నవ్వేటోళ్లు. మాల్ పోతలేదని సేటు షెడ్డు మూస్తనన్నడు. మూస్తే నాయిన గడ్డపోతారం మందుల కంపెనీల చేరాలె. మా మేనమామ ఆడ్నే చేస్తుండె, ఆయనొస్తే అంగీల కెల్లి ఆ మందు వాసన కొట్టి, సొంత తమ్ముడైనా సరే మా అమ్మ మంచం వాకిట్ల వేస్తుండె. నాయినకు ఆ కొలిమి తప్ప వేరే పని మీద మనసు లేదు. ఆఖరికి సేటు సంగారెడ్డికి పోయి, పెద్ద గ్యారేజ్ ఉన్న యాదగిరి మిస్త్రీని బతిమిలాడిండు. ఆయన ఒక్కడు మంచిదంటే రోడ్డు రోడ్డంత కొంటది. దసర తెల్లారి మా ఇంటికే వచ్చి చూస్తనన్నడు మిస్త్రీ.

నాయిన ఉన్నదాంట్ల మంచి పానా ఒకటి ఏరి, అద్దం లెక్క సానబట్టి, దసర ముందునాడే దేవుని గూట్ల పెట్టిండు. పండుగ నాడు పనిముట్టుతోని పని చేయొద్దు గద. మా నాయనమ్మకు ఆ మాట తెలుసు, గాని పొయ్యిల పెట్టొద్దని ఎవలూ చెప్పలే. పొద్దున్నే తలస్నానాలకు నీళ్లు కాగవెడుతుంటే పొయ్యి రాయి ఒకటి పలిగి కుండ ఒరిగింది. ఆమె అటిటు చూసి, గూట్ల పానా తీసి కుండ కింద ఇరికిచ్చింది. ఇంటిల్లిపాది స్నానాలయ్యే దాంక అది నిప్పులల్ల ఎర్రగ కాలింది. సల్లారినంక చింతపండు, బూడిద పెట్టి తోమి మళ్ల గూట్ల పెట్టింది. నాయిన దాని మీద ఇంత పసుపు, ఇంత కుంకుమ పెట్టి మొక్కిండు, ఆయనకేం తెల్వదు.

తెల్లారి మిస్త్రీ లారీ మా ఇంటి ముంగట ఆగింది. ఆయన నడుముకు కత్తి లెక్క ఒక పానా వేలాడుతుండె, బామ్మర్ది దుబాయ్ కెల్లి తెచ్చిందంట. లారీ కింద తుప్పు పట్టిన బోల్టు ఒకటి చూపెట్టి, నాయిన చేసిన పానా పెట్టి మిస్త్రీనే బలంగ గుంజిండు. బోల్టు కదల్లే. పానానే, ఆవులిచ్చినట్టు నోరు తెరిసింది.

"ఏంది నర్సింలూ, గిది ఇనుమా, మైదాపిండా?" అన్నడు మిస్త్రీ. మిస్త్రీ ఎంబడి వచ్చిన సేటు తల పట్టుకున్నడు. నాయిన అయితే ఆ పానాను అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుండె.

గడప మీద కూసున్న నాయనమ్మ అన్నది, "నిన్న మంచిగనే ఉండె గదరా, నీళ్ల కుండను పొద్దుగాలంత పొయ్యిల మోసింది."

నాయిన ఆమె దిక్కు చూసిన చూపు నాకు ఇప్పటికీ యాదికున్నది. "పొయ్యిల పెట్టినవా? గట్ల కాలి మెల్లగ సల్లారితే నూనెల ముంచిన గట్టిదనమంత పోతదే అవ్వా."

మిస్త్రీ నమ్మలే. "మాల్ మంచిదైతే పొయ్యి ఏం చేస్తది? నాది పెట్టు, ఏమన్న అయితదేమో చూద్దాం," అన్నడు.

"తే మరి," అన్నది నాయనమ్మ. ఆయన నడుముకున్న పానా గుంజుకున్నట్టే తీసుకొని నిప్పులల్ల దోపి, అదే పొయ్యి మీద గిన్నెల పిండి ఒత్తి సర్వపిండి వేసింది. మిస్త్రీ మంచిగ వాకిట్ల కూసొని, నువ్వులు మస్తుగ పడ్డయని మెచ్చుకుంట తిన్నడు. ఇంతల నాయిన సైకిల్ మీద షెడ్డుకు ఉరికి ఇంకొక పానా తెచ్చిండు.

సల్లారిన దుబాయ్ పానా బోల్టుకు పెట్టి మిస్త్రీ గుంజితే, అది మాదాని కన్న పెద్దగ నోరు తెరిసింది. నాయిన తెచ్చిన పానా పెట్టినంక బోల్టు కిర్రుమని తిరిగింది. మిస్త్రీ చానాసేపు తన పానాను చూసుకున్నడు, సచ్చిన కోడిపుంజును చూసినట్టు.

"నన్ను పానా లేనోన్ని చేసినవ్ గదనే అవ్వా."

"మావోనియి షెడ్డు నిండ ఉన్నయి, కొనుక్కో," అన్నది నాయనమ్మ.

కొన్నడు రా. ఆయన్ని చూసి రోడ్డంత కొన్నది. మా నాయిన గడ్డపోతారం పోలే, ఆయన చేతులు నడిచినన్ని రోజులు గా కొలిమి కాడ్నే ఉన్నడు. ఇప్పుడా షెడ్డు జాగల టెంట్‌హౌజ్ కుర్చీలు పెట్టిండ్రు. ఆ సుత్తె సప్పుడు లేదు, నూనె పొగ లేదు, ఆశపడే కుక్కలు గూడ లేవు. నాయిన చేతి పానాలల్ల మిగిలింది గిదొక్కటే, ఏ నట్టుకూ పనికిరాదు, గాని పొయ్యి మీది గిన్నె దించనీకి దాని అంచుకు మాత్రం కొలిచి చేసినట్టే పడ్తది, అందుకే మా నాయనమ్మ పోయేటప్పుడు నా చేతుల పెట్టి...

ఆఁ, వస్తున్ననే సునీతా, మాడనియ్యకు, పానా నా కాడ్నే ఉన్నది, ఒట్టి చేతుల్తోని గిన్నె ముట్టకు, నేనొచ్చి దించుతా. లే రా చిన్నా, రాసుడు ఆపు, మీ అమ్మ పిలుస్తున్నది, సర్వపిండి ఉడుకుడుకు తినాలె, సల్లారిందంటే ఇగ అది గూడ గీ పానా లెక్కనే మెత్తబడి...