మాకంటే ముందు వెళ్లి గది చూసిన మనిషి

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. భయపడి కాదు, విసుగుపుట్టి. మా నాన్న బడిపంతులు. చిన్నప్పుడు చీకట్లో చప్పుడైందని ఏడిస్తే లాంతరు చేతికిచ్చి వెళ్లి చూసి రమ్మనేవాడు. ప్రతిసారీ ఏ పిల్లో, ఎలుకో, గాలికి కొట్టుకునే తలుపో కనిపించేది. అలా పెరిగినదాన్ని కాబట్టి ఈ సంగతి బయట చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు కూడా జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరేమనుకున్నా సరే.

యాభైలలోని మాట. మా మామయ్య, అంటే మావారి నాన్న, సంగారెడ్డిలో వకీలు. ఆయన అక్క రాజమ్మత్త చిన్నతనంలోనే భర్త పోతే ముత్తంగిలోని అత్తవారింటి నుంచి తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. అక్కడ తన వాటా పొలం మాత్రం వదల్లేదు. కోతల రోజుల్లో వెళ్లి కూర్చుని, కూలీలతో పోట్లాడి, వాళ్లకు తనే వండిపెట్టి, గింజ ఇంటికి చేర్చేది. మా ఇంట్లో కోర్టులో గెలిచిన మామయ్యను ఓడించగలిగింది ఆమె ఒక్కతే.

రాజమ్మత్తకు ఇంట్లో ఒక ఉద్యోగం ఉండేది. జాగ చూడటం. ఏడుపాయల జాతరకు వెళ్లినా, పెళ్లికి వెళ్లి విడిదిలో దిగినా, కిరాయి ఇల్లు మారినా, అందరికంటే ఒకరోజు ముందు ఆమె వెళ్లేది. స్నానాల గదిలో చెంబెడు నీళ్లు పోసి అవి ఎటు పారుతున్నాయో చూసేది. పడుకునే చోట నేలమీద చతికిలబడి అరచేత్తో తట్టి చూసేది. నచ్చకపోతే అంతే సంగతులు. ఒకసారి పెళ్లివాళ్లు ఇచ్చిన విడిది బాగాలేదని మా మందినంతా మూటాముల్లెతో ఇంకో ఇంటికి మార్పించింది. మా అత్త ముందు వెళ్లి చూడందే మనకు స్వర్గంలో కూడా జాగ దొరకదని మావారు ఏడిపించేవారు.

మా అమ్మాయి వసంతకు నాలుగేళ్లు వచ్చాక ఈ తనిఖీ ఇంకా పెరిగింది. వసంతకు నిద్రలో లేచి నడిచే అలవాటు మొదలైంది. ఒక తెల్లవారుజామున పెరట్లో బావి గట్టు మీద నిలబడి కనిపించింది. కళ్లు తెరిచే ఉన్నాయి, మనిషికి తెలివి లేదు. రాజమ్మత్త చప్పుడు చేయకుండా వెళ్లి ఎత్తుకొచ్చింది. ఆరోజు నుంచి ఆమె తన కొంగు పిల్ల చేతికి ముడివేసుకుని పడుకునేది. కొత్తచోటికి వెళితే ప్రతి కిటికీ దగ్గరా, ప్రతి పిట్టగోడ దగ్గరా నడుము ఆనించి నిలబడి చూసేది. తన నడుము ఎత్తు లేకపోతే అక్కడ పిల్లను పడుకోబెట్టనిచ్చేది కాదు.

మావారు కరెంటు శాఖలో ఇంజనీరు. ప్రభుత్వం ఆయనను యంత్రాల పని నేర్చుకోవడానికి ఇటలీలోని మిలాన్ నగరానికి పంపింది. చివరి నెలల్లో నేనూ వసంతా వెళ్లి ఆయనతో ఉండాలని నిర్ణయమైంది. ఇక ఎక్కడ దిగాలన్న ప్రశ్న వచ్చింది. ఆయన మూడు చోట్లు చూసి, వాటి బొమ్మలున్న మడత కాగితాలు పోస్టులో పంపారు.

ఆ కాగితాలు మా వసారాలో నాలుగు రోజులు కచేరీ నడిపించాయి. ఒకటి స్టేషను పక్కన పెద్ద హోటలు. భోజనాల గదిలో బ్యాండు వాయిస్తారట, పిల్లలు కదలకుండా కూర్చోవాలట. వసంతకు అది జైలేనని మామయ్య కొట్టేశారు. రెండోది ఫ్యాక్టరీవాళ్ల గది. పొయ్యి ఉంది కానీ స్నానాల గది పదిమంది మగవాళ్లతో కలిపి. అది నేను కొట్టేశాను. మూడోది ఒకామె తన ఇంట్లోనే నడిపే బస. పిల్లలంటే ఇష్టమట, తన వంటింట్లో మమ్మల్ని అన్నం వండుకోనిస్తుందట. పక్కింటి ఖాదర్ సాబ్ హజ్‌కు ఓడలో వెళ్లొచ్చినవాడు కాబట్టి ఆయన మాటకు మా దగ్గర విలువ ఉండేది. గదిని కాదు, ఇంటామెను చూసుకోవాలని ఆయన తేల్చారు. అందరం ఒప్పుకున్నాం.

తగాదా వచ్చింది అంతస్తు దగ్గర. ఆమె దగ్గర రెండు గదులు ఖాళీ ఉన్నాయి. మూడో అంతస్తులో పెద్ద కిటికీ ఉన్న గది, అందులోంచి పెద్ద చర్చి గోపురాలు కనిపిస్తాయి. కింద ఇంకొకటి, వెనక పెరటివైపు, కొంచెం చీకటి. నేను పై గది కావాలన్నాను. పుట్టాక సంగారెడ్డి, హైదరాబాదు తప్ప ఎరగని దాన్ని, సముద్రాలు దాటి వెళ్లి పెరడు చూస్తూ కూర్చోవాలా?

రాజమ్మత్త బొమ్మను తిప్పితిప్పి చూసింది. "కిటికీ ఎంత ఎత్తున్నదో రాయలేదు. అది రాయకుంటె ఇంకేం రాసినట్టు?" అంది. తర్వాత మామయ్య వైపు తిరిగి చాలా మామూలుగా, "నన్ను ముందుగాల తోలు తమ్మీ. చూసి మల్లొస్త," అంది.

మేం నవ్వాం. ఆమె నవ్వలేదు. మావారు పై గదే ఖాయం చేశారు.

బస్సు ఎక్కేరోజు ఆమె నాకు కొంగు ముడి వేయడం నేర్పింది. పిల్లకు బిగుసుకోకూడదు, జారిపోకూడదు. నేను మూడుసార్లు తప్పు వేశాను. నా చేతులు తట్టి, చెంపలు నిమిరి, సకినాల డబ్బా ఒడిలో పెట్టి ఆట్టే చూడకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నిజం చెప్పాలంటే ఓడ ఎక్కేదాకా నాకు ఆమె మీదే బెంగ.

జెనోవా రేవులో మావారు వచ్చి దింపుకున్నారు. అక్కడి నుంచి రైల్లో మిలాన్. బస చేరేసరికి మధ్యాహ్నం. ఇంటామె లావుపాటి మనిషి, నవ్వుముఖం. వసంతను చూడగానే ఎత్తుకుంది. ఎత్తుకుని మెట్లవైపు వెళ్లకుండా నేరుగా కింది గదిలోకి నడిచింది. అక్కడ పిల్లకు చిన్న మంచం గోడకు ఆనించి వేసి ఉంది. దుప్పట్లు పరిచి ఉన్నాయి.

నాకు ఒళ్లు మండింది. మా పై గది ఎవరికిచ్చారో అడగమని మావారిని పొడిచాను. ఆయనకు వచ్చిన ఆ భాష కూరగాయలు కొనడానికి సరిపోయేంతే, కానీ ఆమె మాటలతో పాటు చేతులతో కూడా చెబుతుంది. మీ పెద్దావిడే కదా వచ్చి మార్పించింది అంది.

ఏ పెద్దావిడ అని అడిగాం.

రెండు రోజుల కిందట పొద్దున్నే వచ్చిందట. తెల్లటి బట్ట తలమీదుగా కప్పుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా, ముంజేతి మీద ఆకుపచ్చ చుక్కలతో. మీ అమ్మ ముందుగా దిగిందనుకున్నాను అని మావారితో అంది. ఆ ముసలావిడ ఒక్కమాట మాట్లాడలేదట. నేరుగా మూడో అంతస్తుకు ఎక్కిందట. అక్కడ ఏం చేసిందో చెప్పడానికి ఇంటామె మా గది కిటికీ దగ్గరికి వెళ్లి, గట్టుకు నడుము ఆనించినట్టు నిలబడి, తల అడ్డంగా ఊపింది.

నా చేతిలోని సంచి కింద పడింది.

ఆమె ఇంకా నవ్వుతూనే చెబుతోంది. తాగమని గ్లాసుతో నీళ్లిస్తే తీసుకెళ్లి స్నానాల గదిలో పోసి, వంగి చూసిందట. ఈ గదిలోకి వచ్చి నేలమీద కూర్చుని అరచేత్తో తట్టిందట. ఇక ఇదే గది అని నాకు అర్థమైంది అంది ఇంటామె. పొయ్యి మీద సూపు ఉంది, తినిపిద్దామని వంటింట్లోకి వెళ్లి వచ్చేలోగా ముసలావిడ లేదు. వంటమనిషిని పిలిచి అడిగాం. ఆమె కూడా చూసింది, ముంజేతి చుక్కలు తన చేతి మీద వేలితో పెట్టి చూపించింది. రాజమ్మత్త పచ్చబొట్టు సరిగ్గా అక్కడే ఉంటుంది.

మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెప్పక్కర్లేదు. మావారు అప్పటికప్పుడు వెళ్లి ఇంటికి తంతి కొట్టారు. ఆ రాత్రి ఇద్దరం అన్నం తినలేదు. మర్నాడు జవాబు వచ్చింది. అందరూ క్షేమం, అక్క కూడా క్షేమం, ఎందుకడిగావు అని. నేను ఆ కాగితం పట్టుకుని ఏడ్చాను.

ఆమె బతికే ఉందని తెలిశాక నా పాత బుద్ధి మళ్లీ వచ్చింది. ఎవరో మన దేశపు ఆవిడ దారితప్పి వచ్చి ఉంటుందన్నాను. మావారు ఫ్యాక్టరీలో విచారించారు. ఆయనతో పాటు ఇద్దరు మనవాళ్లున్నారు, వాళ్లు భార్యలను తీసుకురాలేదు. చీర కట్టుకుని నేను వీధిలోకి వెళితే పిల్లలు వెంటపడి చూసే ఊరు అది. పోనీ మీరే అత్త గురించి ఎప్పుడైనా చెప్పారేమోనని ఆయనను నిలదీశాను. పిల్ల నిద్రలో నడుస్తుందని చెబితే గది ఇవ్వరేమోనని ఆ మాటే ఎత్తలేదన్నారు. పైగా కింది గదికి కిరాయి తక్కువ, మమ్మల్ని కిందికి మార్చితే ఇంటామెకే నష్టం.

రోజులు గడిచాయి. గది నాకు నచ్చలేదు కానీ అలవాటైంది. రోజూ కొంగు ముడి వేసుకునే పడుకున్నాను.

ఒక తెల్లవారుజామున చలికి మెలకువ వచ్చింది. కిటికీ తెరిచి ఉంది. నా కొంగు కొస పక్కమీద ఖాళీగా పడి ఉంది. నేను ఎలా లేచానో, ఎలా వెళ్లానో గుర్తులేదు. కిటికీలోంచి చూస్తే వసంత కింద పూలమడిలో కూర్చుని ఉంది. మోకాళ్లకు మట్టి. చేతిలో ఒక మొక్క వేళ్లతో సహా ఉంది. నన్ను చూసి చల్లగా ఉందమ్మా అంది. కిటికీలోంచి మడిలోకి పెద్దవాళ్లు ఒక్క అడుగు వేస్తే చాలు.

ఆ పొద్దున ఇంటామెను అడిగి మూడో అంతస్తుకు ఎక్కాను. గోపురాలు నిజంగానే కనిపిస్తున్నాయి. ఎండలో మెరుస్తున్నాయి. నేను కిటికీకి ఆనుకుని నిలబడ్డాను. గట్టు నా మోకాలికి కొంచెం పైన ఉంది. కింద వీధి, రాళ్లు పరిచిన వీధి. నేను అక్కడే నేలమీద కూలబడి, "అత్తా, అత్తా" అని పిలిచాను. మా అమ్మను కూడా ఎప్పుడూ అలా పిలిచి ఉండను.

సంగారెడ్డి చేరిన రోజు సాయంత్రం వసారాలో అంతా చెప్పాం. మామయ్య వకీలు కదా, మమ్మల్ని ఇద్దరినీ వేరువేరుగా ప్రశ్నించారు. ఆ ముసలావిడ వచ్చిందన్న రోజు ఏదో లెక్క తీశారు. ఆరోజు రాజమ్మత్త ముత్తంగిలో జొన్న కోతల దగ్గర ఉంది. ఆయనే పని మీద వెళ్లి చూశారు. పొద్దంతా కూలీలతో ఆమె గొంతు ఊరికంతా వినబడిందట. ఆయన కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

నేను రాజమ్మత్తనే అడిగాను. కలైనా రాలేదా, ఒక్కసారైనా ఏమీ అనిపించలేదా అని. ఆమె వసంత పాదాలు ఒళ్లో పెట్టుకుని ఒత్తుతోంది.

"నాకేమెర్క బిడ్డా? గా దినాలల్ల కూలోళ్లతోనే సరిపోయింది," అంది. తర్వాత తలెత్తి, "మరి గా వచ్చినామెకు ఎవరన్న ఇంత అన్నం వెట్టిండ్రా?" అంది.

లేదన్నాను. గ్లాసెడు నీళ్లే ఇచ్చారని, అవి కూడా పారబోసిందని, సూపు తెచ్చేలోగా వెళ్లిపోయిందని చెప్పాను.

రాజమ్మత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. "ఎవరో ఏమో. గంత దూరం పోయి, మన పిల్ల కోసం మెట్లెక్కి దిగి, ఖాళీ కడుపుతోని పోయింది," అంది. వసంత పాదాలు మెల్లగా కింద పెట్టి లేచి వెళ్లి పొయ్యి అంటించింది. జొన్నరొట్టెలు చేసి, పచ్చిపులుసు కలిపి, మొదటి పళ్లెం తీసుకెళ్లి గుమ్మం పక్కన పెట్టింది. వసంతను దాని పక్కన కూర్చోబెట్టింది. మామయ్య చెంబుతో నీళ్లు తెచ్చి పళ్లెం పక్కన పెట్టారు.

రాజమ్మత్త పోయి చాలా ఏళ్లయింది. మా వాళ్లు ఎవరు కొత్త ఇంట్లో దిగినా, దూరదేశం వెళ్లి క్షేమంగా తిరిగొచ్చినా మొదటి పళ్లెం నేను గుమ్మం పక్కన పెడతాను. ఎవరికని మనవరాళ్లు అడుగుతారు. తెలియదని చెబుతాను, అది అబద్ధం కాదు. ఆ వచ్చినావిడ ఆకలితో వెళ్లిందన్న ఒక్క సంగతి మాత్రం నాకు తెలుసు.