పొడుగు విజిల్

బాగా చదువు చెప్పినందుకు మా బడి మూతపడింది. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వనివ్వండి. ఇప్పుడు మాత్రం ఎవరైనా శాలువా పట్టుకుని నా వైపు వస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నాది కరీంనగర్. ఉద్యోగం ఖానాపూర్ దాటి, తారు రోడ్డు దిగి, వాగు కూడా దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్లో. ఖానాపూర్‌లో గది అద్దెకు తీసుకుని స్కూటీ మీద పోయి వచ్చేదాన్ని. రెండు గదుల ప్రాథమిక పాఠశాల, ముందు ఒక వేపచెట్టు, చెట్టు కింద బోరింగు. ఐదు తరగతులకూ టీచర్‌ని నేనొక్కదాన్నే. ఒక గదిలో ఎక్కాలు చెప్పించి, రెండో గదిలో కథ మొదలుపెట్టి, ఎక్కాలు ఆగిపోతే కథ ఆపి ఇటు పరుగెత్తేదాన్ని. వచ్చిన కొత్తలో పిల్లలకు నేనంటే హడల్. నా గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. కొన్నాళ్లకు ఆ రెండూ ఉత్తవేనని కనిపెట్టేశారు.

బడిలో మధ్యాహ్నం వంట చేసే ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. ఆమె భర్త దుబాయి పోయి, అక్కడే పనిలో గుండె ఆగి, పెట్టెలో తిరిగొచ్చాడు. పెద్దది నాలుగో తరగతి, చిన్నది రెండు. చిన్నదానికి పుట్టుకతోనే కాళ్లలో బలం లేదు. గోడ పట్టుకుని కొంచెం దూరం నడుస్తుంది, ఆపైన కూలబడుతుంది. వాళ్ల ఇల్లు బడి వెనకాలే. పొద్దున తల్లి కూరగాయల సంచి మోసుకుని వస్తుంటే, వెనకాల పెద్దది చెల్లెను చంకనెత్తుకుని వచ్చేది. బడి ఇంటి పక్కనే ఉంది కాబట్టి, తల్లి పొయ్యి దగ్గరే ఉంటుంది కాబట్టి, అక్క ఎత్తుకుంటుంది కాబట్టి ఆ పిల్ల చదువుకుంటోంది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ చదువు ఆగినట్టే. ఆ పిల్లకు ఈ బడి తప్ప ఇంకో బడి లేదు.

ఆటల పీరియడ్‌లో మొదట ఆమెను వేపచెట్టు కింద కూర్చోబెట్టి, అందరూ ఖోఖో ఆడుతుంటే చూడమన్నాను. ఒక వారం చూసింది. తర్వాత చూడటం మానేసి, మట్టిలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. నాకు ప్రాణం ఉసూరుమంది. మరుసటి రోజు ఖానాపూర్‌లో ఒక విజిల్ కొని ఆమె మెడలో వేశాను. నువ్వు అంపైర్‌వి అన్నాను. అంతే, మా బడికి ఒక నియంత దొరికింది. కూర్చున్న చోటి నుంచే అందరినీ పట్టేసేది. "నువ్వు ముందుగాలనే లేచినవ్, అవుట్! నాకు కనవడలే అనుకున్నవా?" అని తనకన్నా రెండింతలున్న మగపిల్లల మీద అరిచేది. సొంత అక్కను కూడా వదిలేది కాదు.

మెల్లగా బడి గంట పని కూడా ఆ విజిల్‌కే వచ్చింది. పొద్దున ప్రార్థనకు రెండు చిన్న కూతలు, భోజనానికి ఒకటి, సాయంత్రం ఇంటికి పోవడానికి ఒక పొడుగు కూత. ఆ పొడుగు కూతకు ఊపిరంతా బిగబట్టి, బుగ్గలు ఉబ్బించి, మొహం కందగడ్డ అయ్యేదాకా ఊదేది. ఆమె ఊదడం ఆపేదాకా ఎవరూ సంచి భుజాన వేసుకోకూడదు, అది ఆమె పెట్టిన నియమం. నేను కూడా ఆమె ఊదాకే స్కూటీ తాళం తీసేదాన్ని.

దసరా సెలవులకు ముందు బడిలో బతుకమ్మ ఆడేవాళ్లం. మగపిల్లలు పొలం గట్ల మీద పడి తంగేడు, గునుగు తెంపుకొచ్చేవారు. చుట్టూ తిరిగే ఆట ఆ పిల్లకు కుదరదు కదా, అందుకని బతుకమ్మ పక్కనే పీట వేసి కూర్చోబెట్టేవాళ్లం. అందరూ ఇద్దరి చుట్టూ తిరిగేవాళ్లు. ఎవరైనా చప్పట్లు తప్పితే మధ్యలోంచి విజిల్ పడేది. వాళ్లమ్మ గరిటె పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి, "గిదేం బతుకమ్మ మేడం, పోలీసోళ్ల బతుకమ్మ," అని పడీ పడీ నవ్వేది. ఆమె నవ్వడం నేను చూసింది ఆ బడిలోనే.

ఆ ఏడాది స్వపరిపాలన దినం చేశాం. ఆ రోజు పిల్లలే టీచర్లు, పిల్లలే ఆఫీసర్లు. పెద్దది కలెక్టర్ అవుతానంది. తల్లి చీర కట్టుకుని, నా చేతిగడియారం పెట్టుకుని, నా కళ్లద్దాలు కూడా అడిగి మరీ పెట్టుకుంది. ఉత్త కలెక్టర్ ఏం చేస్తుంది, ప్రజావాణి పెడదాం అన్నాను. సోమవారం సోమవారం జనం జిల్లా కేంద్రానికి పోయి అర్జీలిచ్చినట్టే, పిల్లలంతా లైను కట్టి కలెక్టరమ్మకు అర్జీలిచ్చారు. ఒకడికి గుడ్డు పెట్టే రోజు రెండు కావాలి. ఒకడికి ఎక్కాలు రద్దు కావాలి. ఒకమ్మాయికి బోరింగు దగ్గర నీడ కావాలి. కలెక్టరమ్మ అద్దాలు ముక్కు మీదికి జార్చి, నేను చూసినట్టే చూసి, ఎక్కాల అర్జీని పక్కన పెట్టేసింది.

చివర చిన్నది గోడ పట్టుకుని వచ్చింది. అక్క ముందు నిలబడి, "మేడం, మా అక్కను హాస్టల్‌కు పంపుతమంటున్రు. పంపొద్దు. నన్ను ఎత్తుకునేటోళ్లు ఎవ్వలు లేరు," అంది.

కలెక్టరమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మంజూరు జేసినం," అని బల్ల మీద గట్టిగా గుద్దింది. పిల్లలు ఘొల్లున నవ్వారు. నేనూ కడుపుబ్బ నవ్వాను. ఫోటో తీసి మండలం టీచర్ల గ్రూపులో పెడితే సాయంత్రం దాకా చప్పట్ల బొమ్మలు వస్తూనే ఉన్నాయి.

హాస్టల్ అంటే గురుకులం. నాలుగో తరగతి పిల్లలు పరీక్ష రాసి నెగ్గితే ఐదు నుంచి అక్కడే ఉండి చదువుకోవచ్చు. తిండి, బట్ట, పుస్తకం అన్నీ వాళ్లే చూసుకుంటారు. మా ప్రాంతంలో ఒక బడి మంచిదా కాదా అని తేల్చేది ఆ సీట్లే. చలికాలమంతా నాలుగో తరగతి పిల్లలను సాయంత్రాలు కూర్చోబెట్టి లెక్కలు, తెలుగు, ఇంగ్లిష్ రుద్దాను. పెద్దదాని బుర్ర పాదరసం. అటువంటి పిల్లను వాగు అవతల పత్తి చేలకు వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పటికీ ఒప్పదు. తల్లి కూడా నా చేతులు పట్టుకుని, "నా లెక్క పొయ్యికాడ కూలవడొద్దు మేడం, ఎట్లనన్న జేసి సీటు రావాలె," అంది.

సీట్లు వచ్చాయి. ఒకరికి కాదు, నాలుగో తరగతిలో ఉన్నవాళ్లందరికీ వచ్చాయి. చుట్టుపక్కల ఏ బడికీ అట్లా రాలేదు. ఊళ్లో డప్పులు కొట్టారు, రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు, పంచాయతీ ముందు నాకు శాలువా కప్పారు. మండల కేంద్రంలో ఇంకో శాలువా. గ్రూపులో మళ్లీ చప్పట్లు. ఆ రాత్రి కరీంనగర్‌కు ఫోన్ చేసి మా అమ్మకు చెప్పుకుని మురిసిపోయాను.

జూన్‌లో బడి తెరిచేసరికి ఐదో తరగతి ఖాళీ. అది తెలిసిందే. తెలియనిది వేరే ఉంది. బడిబాట అని, పిల్లలను చేర్పించమంటూ ఇల్లిల్లూ తిరుగుతుంటే, చిన్నపిల్లల తల్లిదండ్రులు మొహం చాటేస్తున్నారు. ఒకాయన మాత్రం దాచుకోకుండా చెప్పాడు. "మీరు మంచిగనే చెప్తరు మేడం, కాదనం. గని పెద్దపిల్లలందరు గురుకులం పోయిరి. మా పిలగానికి బడిల తోడెవలున్నరు? జర పెద్దపిల్లలుంటే వాగుకాడ చూసుకునేటోళ్లు, ఆటకు తోలుకపోయేటోళ్లు. ఇగ ప్రైవేట్ బస్సయితే వాగును చుట్టు తిరిగన్న ఇంటి ముందటికే వస్తుంది." ఒకరిని చూసి ఒకరు ఆ పసుపు బస్సు ఎక్కించారు. శాలువా కప్పింది ఆ చేతులే, డప్పు కొట్టింది ఆ చేతులే. కోపం రాలేదా అంటే వచ్చింది, ఒకరిద్దరితో గొడవ కూడా పడ్డాను. కానీ పిల్లవాడికి తోడు ఉండాలనుకోవడం తప్పని ఏ నోటితో చెప్పాలి?

బస్సు ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు, వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మంది మిగిలారు. వాగు అవతలి బడిలో కలిపేయమని ఉత్తర్వు వచ్చింది. నన్ను కూడా అక్కడికే వేశారు. ఆఫీసుకు పోయి చిన్నదాని సంగతి చెప్పాను. అధికారి చెడ్డవాడేమీ కాదు, ఓపికగానే విన్నాడు. "ఒక్క పిల్ల కోసం బడి నడపమంటారా మేడం?" అన్నాడు. నడపాలి సార్ అన్నాను. ఆయన నవ్వి, చాయ్ తెప్పించాడు. ఆ చాయ్ తాగకుండానే లేచి వచ్చేశాను. తాగినా తాగకపోయినా ఆయనకు ఒరిగేదేమీ లేదని స్కూటీ ఎక్కాక తట్టింది.

తల్లి, నేను, చిన్నది కలిసి ఒక సోమవారం నిజం ప్రజావాణికి పోయాం. లైనులో తల్లి పిల్లను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంటూ నిలబడింది. చిన్నది చుట్టూ చూసి, "టీచర్, మా అక్క గిక్కడనే కూసుంటదా?" అని అడిగింది. బల్ల అవతల ఉన్న వాళ్లు అర్జీ తీసుకుని, పిల్ల కాళ్లు చూసి నిజంగానే అయ్యో అన్నారు. కొన్నాళ్లకు చక్రాల కుర్చీ మంజూరైంది. మంచి కుర్చీ. వాగు ఇసుకలో దాని చక్రం ఒక్క చుట్టు కూడా తిరగదు. వానాకాలం వాగు నడుములోతు వస్తుంది. ఇప్పుడు దాని మీద ఉతికిన బట్టలు ఆరేస్తున్నారు.

బడి పోవడంతో తల్లికి వంట పని పోయింది. పత్తి చేలకు కూలికి పోతోంది. పొద్దున పిల్లను గడపలో కూర్చోబెట్టి, పక్కన అన్నం గిన్నె, నీళ్ల చెంబు పెట్టి పోతుంది. పెద్దది చెన్నూరు దగ్గరి గురుకులంలో ఉంది. ఒక ఆదివారం నేను పోతే తల్లి చెప్పింది: "పొద్దుగాల బడి యాళ్లకు గా విజిల్ ఊదుతది మేడం. ఎవ్వలు రారే అంటే ఇనది. గుంజుకుంటే అన్నం తినది. నాకు పరేషాన్ అయితుంది." చిన్నదాని పలక మీద రెండు లెక్కలు వేసి వచ్చేశాను. మళ్లీ పోయేసరికి అవి చెరపకుండా అట్లాగే ఉన్నాయి. జవాబులు సరిగ్గానే రాసింది.

దసరా సెలవుల్లో బడి బీరువాలో నా పుస్తకాలేవో ఉండిపోయాయని పోయాను. తాళంచెవి పంచాయతీ ఆయన దగ్గర ఉంది, ఆయన ఊళ్లో లేడు. వెనక్కి తిరుగుదామనుకుంటుంటే రెండు చిన్న కూతలు వినిపించాయి. ప్రార్థన విజిల్. ఇంటి గడపలో చిన్నది.

పిల్లలు వచ్చారు. గురుకులం నుంచి సెలవులకు వచ్చిన నా పిల్లలు, ఒక్కొక్క ఇంట్లోంచి ఒక్కొక్కరు, నిజంగానే వచ్చారు. మనుషులు కొంచెం పొడుగయ్యారు, జుట్టు పొట్టిగా కత్తిరించారు. ఆ కూతకు కాళ్లు అలవాటు పడి ఉన్నాయి కాబోలు, తాళం వేసిన తలుపు ముందు ఎత్తు ప్రకారం లైనులో నిలబడ్డారు. పెద్దది చెల్లెను ఎత్తుకొచ్చి వేపచెట్టు కింద దింపి, నా దగ్గరకు వచ్చింది.

"అందరం ఉన్నం టీచర్. తాళం తియ్యుండ్రి."

"తాళంచెవి నా దగ్గర లేదురా."

"మేమందరం వాపస్ వస్తే తెరుస్తరా? సెలవులకు వచ్చినంక అందరం మాట్లాడుకున్నం. ఇండ్లల్ల గూడ చెప్తం."

తెరవరు అన్నాను. మీరు బాగా చదువుకోవాలి, పెద్ద ఉద్యోగాలు చెయ్యాలి, అప్పుడు చెల్లెను కూడా బాగా చూసుకోవచ్చు అన్నాను. టీచర్లందరూ చెప్పే మాటలే. చెబుతున్నప్పుడే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

ఆ పిల్ల ఏడవలేదు, అరవలేదు. "నేను మంజూరు జేసిన గద టీచర్," అంది. "నన్ను పంపొద్దని అది అర్జీ ఇచ్చింది, నేను మంజూరు జేసిన. మీరు నవ్విన్రు. మళ్ల మీరే పంపిన్రు."

లైనులో పిల్లలు కదలకుండా మా ఇద్దరినీ చూస్తున్నారు.

పెద్దది చెట్టు దగ్గరికి పోయి చెల్లె ముందు కూర్చుంది. "మేము పోయినంక ఊదకే. ఎవ్వలు రారు," అంది.

చిన్నది అక్క మొహంలోకి చూసింది. తర్వాత తాళం వైపు, లైను వైపు చూసింది. విజిల్ నోట్లో పెట్టుకుని, బుగ్గలు ఉబ్బించి పొడుగు కూత ఊదింది. మొహం కందగడ్డ అయ్యేదాకా, ఊపిరి అయిపోయేదాకా ఊదింది. అది ఆగేదాకా ఎవరూ కదల్లేదు. ఆగాక పిల్లలు ఇళ్లకు పోయారు, అక్క ఆమెను చంకనెత్తుకుంది, నేను స్కూటీ తాళం తీశాను.